ఒక్కసారి ఓవర్‌లోడ్ వేస్తే పగులు ఆగుతుందా?

ప్రశ్న: మాది కంకర తోలే టిప్పర్. ఛాసిస్ మీద సన్నటి పగులు కనిపిస్తోంది. ఒక్కసారి బాగా ఓవర్‌లోడ్ వేసి తిప్పితే పగులు అక్కడే ఆగిపోతుందని, ఇది ఇంజినీరింగ్ పుస్తకాల్లోనే ఉందని ఆటోనగర్‌లో ఒకాయన అంటున్నాడు. నిజమేనాండీ?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పుస్తకాల్లో ఉన్న మాట నిజమేనండీ. అది టిప్పర్‌కి పనికొచ్చే మాట మాత్రం కాదు.

రోజూ ఒకే రకం లోడుతో మెల్లగా పెరిగే పగులుకి ఒక్కసారి రెట్టింపు లాగుడు తగిలిందనుకోండి, పగులు కొస దగ్గర స్టీలు సాగి అలాగే ఉండిపోతుంది. లోడు దించగానే చుట్టూ ఉన్న సాగని స్టీలు తన చోటికి తాను రావాలని ఆ సాగిన భాగాన్ని గట్టిగా నొక్కేస్తుంది. ఆ తర్వాత వచ్చే మామూలు లోడులో కొంత ఆ బిగింపు విడిపించడానికే సరిపోతుంది, పగులును పెంచడానికి మిగిలేది తక్కువ. లాగుడు ఇంకా ఉండగానే పగులు అంచులు ఒకదానికొకటి ఆనుకుంటాయని 1970 ప్రాంతంలో వోల్ఫ్ ఎల్బర్ అనే పరిశోధకుడు చూపించాడు. ల్యాబుల్లో పగులు పూర్తిగా ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

కానీ ఆ పెద్ద లోడు పడినప్పుడు పగులు ముందు కాస్త జరుగుతుంది, తర్వాతే నెమ్మదిస్తుంది, సాగిన మేర దాటగానే మళ్లీ పాత వేగం అందుకుంటుంది. ఆ మేర మిల్లీమీటర్లలో చెప్పుకునేదే. మధ్యలో బండి గోతిలో పడి ఫ్రేము ఎదురు దిశలో వంగితే ఆ కాస్త లాభంలోనూ చాలావరకు పోతుంది. ఇక రోజూ ఓవర్‌లోడే అయితే అదే మీ మామూలు లోడు: స్టీలులో పగులు వేగం ఇంచుమించు ఒత్తిడి హెచ్చుతగ్గుల ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 20 శాతం ఎక్కువైతే వేగం 70 శాతం పైగా ఎక్కువ. 2018లో నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కి అనుమతి 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెరిగింది కదా అంటారేమో, కాగితం మారింది గానీ పాత ఛాసిస్‌లో స్టీలు మారలేదు. అసలు పగులు ఎంత పొడవుందో తెలియకుండా రెట్టింపు లోడు వేస్తే ఆ ట్రిప్పులోనే ఫ్రేము విరగొచ్చు.

బండి ఆపేసి, పెయింట్ గీకించి, డై పెనెట్రెంట్ టెస్టు (రంగు ద్రవం పూసి సన్నటి పగుళ్లు కనిపించేలా చేసే పరీక్ష) చేయించండి. పగులు అసలు కొస కంటికి కనిపించే చోటు దాటి ఇంకా ముందుకు ఉంటుంది. పైపైన వెల్డింగ్ పూయించుకోవద్దు, అది చల్లారుతూ లాగుడు ఒత్తిడిని లోపల మిగులుస్తుంది, పక్కనే కొత్త పగులు మొదలవుతుంది. కంపెనీ రిపేర్ మాన్యువల్ చూసి చేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి, వాళ్లు కూడా ఫ్లాంజికి (ఛాసిస్ దూలం పైనా కిందా ఉండే అడ్డపట్టీకి) బెజ్జం వేస్తామంటే ఒప్పుకోకండి.