అయిదు రోజుల్లో ఓడ కట్టారా?

ప్రశ్న: బాలానగర్‌లో మా నాన్నగారు పెట్టిన వెల్డింగ్ షాపును ఇప్పుడు నేను నడుపుతున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో అయిదు రోజుల్లోపే ఓడ కట్టారనీ, వెల్డర్లకు పని రాకపోవడం వల్లే ఆ ఓడలు విరిగాయనీ ఒకరు చెప్పారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మొదటి మాట నిజమే. 1942 నవంబరులో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో, పారిశ్రామికవేత్త హెన్రీ కైజర్ యార్డులో ‘రాబర్ట్ ఇ. పియరీ’ అనే లిబర్టీ ఓడను (యుద్ధకాలంలో ఒకే నమూనాలో పెద్ద సంఖ్యలో కట్టిన సరుకుల ఓడల్లో ఒకటి), పని మొదలుపెట్టిన 4 రోజుల 15 గంటల 29 నిమిషాలకు నీటిలోకి దింపారు. అయితే దాని భాగాలను ముందే పెద్ద ముక్కలుగా సిద్ధం చేసుకున్నారు. అది రికార్డు కోసం చేసిన ప్రయత్నం. మొదటి లిబర్టీ ఓడ ‘పాట్రిక్ హెన్రీ’ని అప్పగించడానికి 244 రోజులు పట్టగా, తర్వాత ఒక్కో ఓడకు పట్టే సగటు సమయం సుమారు ఆరు వారాలకు దిగింది. నాకు ఆ రికార్డు కంటే ఈ తగ్గుదలే గొప్పగా కనిపిస్తుంది.

దాని కిటుకు మీకు వెంటనే బోధపడుతుంది. ముక్కలను క్రేన్లతో తిరగేసి, అతుకు పైకి వచ్చేలా పడుకోబెట్టడంతో తల పైకెత్తి చేసే కష్టమైన ఓవర్‌హెడ్ వెల్డింగ్ చాలావరకు తప్పింది, అందువల్ల అంతకుముందు వెల్డింగ్ రాడ్ పట్టి ఎరుగని గృహిణులు, దక్షిణాది రాష్ట్రాల నుంచి వలస వచ్చిన నల్లజాతి శ్రామికులు సైతం త్వరగా పనిలోకి దిగగలిగారు. ఇళ్లు చాలక, ఒకరు డ్యూటీకి వెళ్తే మరొకరు అదే మంచం మీద నిద్రపోయేవారు. ఇంత చేసినా, యార్డుల్లో వెల్డర్లు చేరాల్సిన బాయిలర్‌మేకర్ల యూనియన్ నల్లవారిని సమాన హక్కులు లేని వేరు శాఖల్లో ఉంచింది. ఈ అన్యాయాన్ని చెప్పకుండా వారి శ్రమను మాత్రమే పొగడడం సరికాదు.

ఇక విరగడం సంగతి. 1943 జనవరిలో పోర్ట్‌లాండ్‌లో ‘స్కెనెక్టడీ’ అనే ట్యాంకరు, కదలిక లేని నీటిలో రేవుకు కట్టి ఉండగానే దాదాపు రెండుగా చీలింది. నింద ముందు వెల్డర్ల మీదే పడింది. కొన్ని అతుకుల్లో లోపాలు ఉన్న మాట వాస్తవమే కానీ, ఆనాటి ఉక్కు చలిలో పెళుసుబారుతుందని కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే శాస్త్రవేత్త పరీక్షలు చేసి నిరూపించారు. రేకులను రివెట్లతో (మేకుల్లాంటి లోహపు బిగింపులతో) కలిపిన ఓడలో పగులు సాధారణంగా ఒక రేకు అంచున ఆగిపోతుంది. వెల్డింగ్ చేసిన ఓడలో రేకులన్నీ ఒకటే అయిపోతాయి గనుక అది ఆగకుండా సాగిపోతుంది. డెక్కు మీద సరుకు దింపే ద్వారాల చదరపు మూలల్లో ఒత్తిడి పేరుకుని చాలా పగుళ్లు అక్కడే మొదలయ్యేవి. ఆ మూలలను గుండ్రంగా మార్చి, పగులును ఆపడానికి రివెట్లతో పట్టీలు బిగించాక ప్రమాదాలు బాగా తగ్గాయి.