తాతగారి తుపాకీ కోసం లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మా తాతగారి డబుల్ బ్యారెల్ తుపాకీ నాకు వచ్చింది. దాదాపు వందేళ్ల నాటిది. పూర్తిగా బాగు చేయించడానికి గన్‌స్మిత్ చెప్పిన అంచనా మా ఇంటి మూడు నెలల ఖర్చంత ఉంది. నా పొదుపు నాలుగు నెలల ఖర్చుకు సరిపోతుంది. సగం పొదుపులోంచి, సగం పర్సనల్ లోన్‌తో కట్టేద్దామనుకుంటున్నాను. బాగయ్యాక విలువ పెరుగుతుంది కాబట్టి డబ్బు ఎక్కడికీ పోదు కదా? సంపాదించేది నేనొక్కడినే, ఇద్దరు పిల్లలు.

జవాబు: లోన్ వద్దు. పొదుపులోంచి కూడా ఇప్పుడు తీయకండి. పాత కారు, పాత ఇల్లు, పాత తుపాకీ, వస్తువు ఏదైనా సరే, మమకారంతో పెట్టే ఖర్చుకు పెట్టుబడి అని పేరు పెట్టి అప్పు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మమకారంలో తప్పు లేదు. దాన్ని లాభం కింద లెక్కేసుకోవడం తప్పు.

పేరున్న తయారీదారు చేసిన సైడ్‌లాక్ (పేల్చే యంత్రాంగం పక్క పలకల మీద ఉండేది) అయితే తప్ప, మామూలు బాక్స్‌లాక్ (ఆ యంత్రాంగం తుపాకీ మధ్య దిమ్మ లోపలే ఉండేది) తుపాకీ మీద పెట్టిన ఖర్చు అమ్మకంలో తిరిగి రావడం అరుదు. 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ సంస్థలో ఆన్సన్, డీలీ రూపొందించిన బాక్స్‌లాక్ పద్ధతిలో తయారీ తేలిక, చవక. అందుకే అలాంటివి ఇప్పటికీ కొల్లలుగా ఉన్నాయి. పైగా సేకరించేవాళ్లు కొత్తగా పెట్టించిన మెరుగు కంటే మొదటినాటి మెరుగుకే ఎక్కువ ఇస్తారు.

ఇక అంచనా సంగతి. విప్పకముందు చెప్పిన అంకె ఆఖరి బిల్లు కాదు. గొట్టాల లోపల తుప్పు గుంటలుంటే అరగదీసి నునుపు చేయాలి. అరగదీసిన కొద్దీ గోడ పలచబడుతుంది. మందం అర మిల్లీమీటరు దగ్గరికి వచ్చిందంటే నిపుణులు వెనకాడతారు. అప్పుడు వెనక భాగం ఉంచి, మిగతా గొట్టాలు కోసి కొత్తవి అమర్చే స్లీవింగ్ చేయించమంటారు. మీ అంచనా అక్కడితో చెల్లిపోయినట్టే. రంగు వేయించడం చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ కాదు. గొట్టాలను, మధ్య పట్టీని కలిపి ఉంచేది మెత్తని టంకం. ఇప్పటి వేడి క్షార ద్రావణంలో ముంచితే ఆ టంకం దెబ్బతిని పట్టీ వదులవుతుంది. అందుకే తుప్పు పట్టించి, నీళ్లలో మరిగించి, తుడిచి, మళ్లీ తుప్పు పట్టించే పాత పద్ధతే వాడాలి. రోజుల తరబడి చేతిపని, డబ్బంతా ఆ కూలికే. నూనె పీల్చి పగిలిన వాల్‌నట్ స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) మార్చాల్సి వస్తే అన్నిటికంటే పెద్ద బిల్లు అదే కావచ్చు. పాత తుపాకుల్లో చాలావాటికి తూటా కూర్చునే ఛాంబర్ పొడవు రెండున్నర అంగుళాలే. ఇప్పటి పొడవు తూటాల కోసం పెంచితే మళ్లీ ప్రూఫ్ పరీక్ష చేయించాలి. 1813లో ఏర్పడిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ లాంటి చోట మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో పేల్చి చూస్తారు. అందులో గొట్టం దెబ్బతింటే అంతవరకు పెట్టిన డబ్బంతా పోయినట్టే.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూడండి. నాలుగు నెలల పొదుపులో నెలన్నర పోతే మిగిలేది రెండున్నర నెలలు. ఆపైన ఈఎంఐ. బిల్లు పెరిగితే సగంలో ఆపలేరు, విప్పి పెట్టిన తుపాకీకి ధర రాదు, మళ్లీ అప్పే దిక్కు. ఆ సమయంలో ఉద్యోగం పోతే? పిల్లల్లో ఒకరు ఆసుపత్రిలో చేరితే? ఒక్క సంపాదన మీద నడిచే ఇంట్లో కనీసం ఆరు నెలల ఖర్చు ముట్టుకోకుండా ఉండాలి, నన్నడిగితే తొమ్మిది నెలలు. మీ దగ్గర మిగులు లేదు, రెండు నెలల కొరత ఉంది. రూపాయి ఆదాయం తేని వస్తువు కోసం వడ్డీ కట్టడం ఎందుకండీ? టర్మ్ పాలసీ ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఈ వారమే తీసుకోండి.

ఆగితే తుపాకీకి నష్టం లేదు. పలచగా నూనె రాసి, తేమ తగలని చోట, చట్టం చెప్పినట్టు భద్రపరిస్తే తుప్పు ముదరదు. ఇప్పుడు ఒక్క పనికి మాత్రం నెల జీతంలోంచి ఇవ్వండి. గొట్టాల మందం కొలిపించి, గుంటలు, పగుళ్లు చూపించి, ఆ వివరాలు కాగితం మీద తీసుకోండి. అప్పటివరకు పేల్చకండి. గొట్టాలు పనికిరావని తేలితే శుభ్రం చేసి గుర్తుగా ఉంచుకోవచ్చు, అమ్మేయనూ వచ్చు. బాగున్నాయంటే, ఆరు నెలల నిధి నిండాక వేరే ఖాతాలో నెలనెలా వేసుకోండి. భద్రతకు సంబంధించిన పనులు ముందు, మెరుగులు చివర. ఒక్కో పనికి విడిగా రేటు రాయించుకుని, అంచనా మీద మరో మూడో వంతు చేతిలో ఉన్నప్పుడే అడ్వాన్సు ఇవ్వండి.