మళ్ళీ అలాంటి రోజులొస్తే అని అడిగావు కదా

చిన్నీ,

నువ్వు రాత్రి పంపిన మెసేజ్ పొద్దున లేచాక చూశాను. బాబుకి దగ్గు వస్తే చాలు గుండె దడదడలాడుతోందని, ఎక్కడో కొత్త వైరస్ అని వార్త కనిపిస్తే ఆ రోజంతా ఏ పనీ చేయబుద్ధి కావట్లేదని రాశావు. "పెద్దమ్మా, మళ్ళీ ఆ కోవిడ్ రోజుల్లాంటివి వస్తే నేను తట్టుకోలేను, నర్సుగా వార్డులో అన్ని చావులు చూసి నువ్వెలా నిలబడ్డావు" అని అడిగావు. ఫోన్లో రెండు మాటలు చెప్పి ఊరుకునే విషయం కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను, పొడుగైనా ఓపిగ్గా చదువు.

నేను గుండె గట్టిదాన్ని కాబట్టి నిలబడ్డానని నువ్వనుకుంటున్నావు. 2020లో, ఆ గోల మొదలైన మూడు వారాలకి, ఒకరోజు డ్యూటీ దిగి బట్టలు మార్చుకునే గదిలో కూర్చున్నదాన్ని బూటు లేసు విప్పలేకపోయాను. ఏడుపు రాలేదు, భయం కూడా వేయలేదు, వేళ్ళు మాత్రం కదల్లేదు. అలా ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నాతో పనిచేసే అమ్మాయి, నీకంటే చిన్నది, వచ్చి ఏమీ అడక్కుండా నేల మీద కూర్చుని ఒక లేసు విప్పింది, తర్వాత రెండోది విప్పింది, "పదండి మేడమ్, ఇంటికెళ్దాం" అంది. మర్నాడు నేను మళ్ళీ డ్యూటీకి వెళ్ళానంటే ఆ పిల్ల వల్లే. అప్పటినుంచి నేను నమ్మేది ఒకటే, గుండె నిబ్బరం కోసం మనలో మనం వెతుక్కుంటూ కూర్చుంటే దొరకదు, దాన్ని మన చుట్టూ మనుషులతో, చిన్న చిన్న పనులతో ముందే అమర్చి పెట్టుకోవాలి. నేను చెప్పబోయేవన్నీ ఆ అమరికలే.

ముందు భయం సంగతి. నీకొక్కదానికే ఇలా ఉందనుకోకు. మహమ్మారి వచ్చిన మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. అదే సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది, కానీ ఒంటికి ప్రకటనలు తెలియవు కదా. దగ్గు వినపడగానే నీ ఒళ్ళు ఆ రోజుల్లోకి వెళ్ళిపోతుంది. అప్పుడు మనసుకి నచ్చజెప్పబోకు, అది వినదు. ఊపిరి వదలడం నెమ్మది చెయ్. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరో ఏడో లెక్కపెడుతూ వదులు, ఒక ఐదు నిమిషాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె కొట్టుకునే వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడుగు చేయమంటున్నాను. భయం పూర్తిగా పోదు, కానీ థర్మామీటర్ తీసి బాబుకి పెట్టి, అంకె చూసి, రాసుకునేంత ఓపిక వస్తుంది. అంతకు మించి అక్కర్లేదు కూడా.

అంకెలంటే గుర్తొచ్చింది. మీ అమ్మ కోవిడ్ వచ్చి గదిలో విడిగా ఉన్నప్పుడు, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి పెట్టుకుని తీసేది కాదు. 96 కనపడితే ఊపిరి పీల్చుకునేది, 94 అయితే నాకు ఫోన్, మళ్ళీ పది నిమిషాలకి 97 అని ఇంకో ఫోన్. వేళ్ళు చల్లగా ఉన్నా, గోళ్ళకి రంగున్నా, చెయ్యి కదిలినా అది తప్పు చూపిస్తుందని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చివరికి ఒక నోట్‌బుక్‌లో గీతలు గీయించి, డాక్టరు చెప్పిన వేళల్లోనే చూడాలి, చేతులు రుద్ది వెచ్చబరుచుకుని, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక చూడాలి, రాయాలి, మూసేయాలి అని పెట్టాను. మధ్యలో ఆయాసం వస్తే మాత్రం వేళతో పనిలేదు, డాక్టరు చెప్పిన హద్దు కంటే అంకె తగ్గితే క్షణం ఆలస్యం చేయకూడదు. రెండో రోజుకి మీ అమ్మ నిద్రపోగలిగింది. మందు మారలేదు, ఆక్సిజన్ పెరగలేదు, చూడాల్సిన వేళ చూడటం, మిగతా వేళ వదిలేయడం అలవాటైంది, అంతే. వార్తల్నీ ఇలాగే చెయ్. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు. కుటుంబం గ్రూపులో వచ్చే ప్రతి ఫార్వర్డూ చదవాల్సిన పని నీకు లేదు, మీ ఆయనకి అప్పజెప్పు, అవసరమైంది ఉంటే తనే చెప్తాడు.

ఇంకోటి, అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయాల్సిన పని. ఇంట్లో ప్రతి పెద్దవాళ్ళకీ ఒక కాగితం రాసిపెట్టు. వాడే మందులు, పడని మందులు, డాక్టరు నంబరు, ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయి, మాట్లాడలేని స్థితి వస్తే వాళ్ళ తరఫున ఎవరు నిర్ణయం చెప్పాలి. ఈ చివరిది అడగడానికి నోరు రాదు, తెలుసు. "అలాంటి మాటలు ఇప్పుడెందుకు" అంటారు. అయినా అడుగు. వార్డు బయట నిలబడి అన్నదమ్ములు వెంటిలేటర్ పెట్టాలా వద్దా అని తేల్చుకోలేక ఒకరి మీద ఒకరు అరుచుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఆ మనిషి ఏం కోరుకున్నాడో ముందే తెలిసిన ఇళ్ళలో దుఃఖం తక్కువేం కాదు, కానీ ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఒకరి ముఖం ఒకరు చూడలేకపోవడం ఉండదు.

ఇక నువ్వు అడగకుండానే అడిగిన దగ్గరికి వస్తాను. కోవిడ్ వార్డులో పోయిన నాన్న చివరి చూపు నీకు దక్కలేదన్నది.

ఆ వార్డులో నేను లేను, కాబట్టి అక్కడేం జరిగిందో నేను చెప్పలేను. మా వార్డులో ఎలా ఉండేదో చెప్తాను. ఫోన్‌ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి పట్టుకునేవాళ్ళం. ఫేస్ షీల్డ్ లోపల ఆవిరి పట్టి స్క్రీన్ మసకగా కనిపించేది, మా ముఖాలు తెలియవు కాబట్టి గౌను మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవాళ్ళం. ఒక పెద్దాయన, స్పృహ లేదు, ఇంక ఎక్కువసేపు ఉండరని తెలుస్తోంది. కూతురికి కలిపి ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను. ఆ అమ్మాయికి మాట రాలేదు, చాలాసేపు ఊపిరి చప్పుడే. తర్వాత ఉన్నట్టుండి, "నాన్నా, వంటింట్లో కొళాయి బాగైంది, నువ్వు వాషరు మార్చాలన్నావు కదా, నేనే మార్చాను, ఇప్పుడు కారట్లేదు" అంది. ఇంకా ఏవేవో చెప్పింది, కరెంటు బిల్లు కట్టాను, మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను, అన్నీ ఇలాంటివే. చెయ్యి లాగుతున్నా నేను ఫోన్ మార్చలేదు. ఆయన విన్నారా అంటే నేను చెప్పలేను. కానీ స్పందన లేకుండా చివరి గంటల్లో ఉన్నవాళ్ళ మెదడు తరంగాలు కొలిచి చూసినప్పుడు, కొందరి మెదడు శబ్దాలకి ఇంకా స్పందిస్తోందని 2020లో ఒక పరిశోధనలో తేలింది. అందుకే మేము ఎవరికైనా చెప్పేది ఒకటే, పెద్ద పెద్ద మాటలు దొరకలేదని ఆగిపోకండి, ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పండి, మీ గొంతు చాలు. మళ్ళీ ఎప్పుడైనా అలాంటి అవసరం పడితే నర్సుని మొహమాటపడకుండా అడుగు, "ఒక్క రెండు నిమిషాలు ఫోన్ చెవి దగ్గర పెడతారా" అని. తీరిక లేకపోతే ఎప్పుడు వీలవుతుందో అడుగు. అది వాళ్ళ పని కాదనుకోకు, అది మాక్కూడా అవసరమే.

నీకు ఆ ఫోన్ కూడా దక్కలేదు. అందుకే నీ దుఃఖానికి ఒక ఒడ్డు దొరకట్లేదు. పాలీన్ బాస్ అనే అమెరికన్ ఫ్యామిలీ థెరపిస్ట్ 1970లలోనే ఇలాంటి దాని మీద పనిచేసి ఒక పేరు పెట్టారు, మన మాటల్లో చెప్పాలంటే తేలని నష్టం. మనిషి లేడని తెలుసు, కానీ కళ్ళతో చూడలేదు, వీడ్కోలు చెప్పలేదు, అందుకని మనసు ఇంకా గుమ్మం వైపు చూస్తూనే ఉంటుంది. అది నీ లోపం కాదు. ఆలస్యమైనా వీడ్కోలు చెప్పొచ్చు. ఒక రోజు పెట్టుకుని అమ్మని, తమ్ముణ్ణి, నాన్న స్నేహితుల్ని పిలువు. ఆయన ఫోటో ముందు కూర్చుని ఒక్కొక్కరూ ఆయన గురించి ఒక సంగతి చెప్పండి, ఆ రోజు చెప్పలేకపోయింది నువ్వు కాగితం మీద రాసుకొచ్చి పైకి చదువు. ఇన్నేళ్ళకి ఎందుకని ఎవరైనా అంటే అననీ.

ఇక "ముందు రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంటే", "వేరే ఆస్పత్రి అయ్యుంటే", "నేనే ఇంటికి వైరస్ తెచ్చానేమో". ఇవి నీకు రాత్రి రెండింటికి వస్తాయని తెలుసు, ఎందుకంటే నాకూ వస్తాయి, ఏ బెడ్ దగ్గర ఇంకో నిమిషం నిలబడి ఉండాల్సిందో అని. ఒక పని చెయ్. ఆ రోజు నీకు ఏమేం తెలుసో మాత్రమే రాయి, తర్వాత తెలిసింది ఏదీ రాయకు. జ్వరం ఎంత, డాక్టరు ఏమన్నాడు, ఎన్ని చోట్లకి ఫోన్ చేశావు, ఎవరేం చెప్పారు. అది రాసి ఎవరికైనా చదివి వినిపించు, నాకైనా సరే. నిన్ను నువ్వు ఇప్పటి తెలివితో విచారిస్తున్నావు, అప్పటి చిన్నీ దగ్గర ఆ తెలివి లేదు. 2020, 2021 రెండేళ్ళలో ఆ మహమ్మారి వల్ల నేరుగానో పరోక్షంగానో ప్రపంచంలో దాదాపు కోటీ 49 లక్షల మంది అదనంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అన్ని ఇళ్ళలోనూ ఎవరో ఒకరు రాత్రి రెండింటికి ఇదే ప్రశ్న వేసుకుంటున్నారు, వాళ్ళంతా తప్పు చేసినవాళ్ళు కారు కదా.

దుఃఖానికి ఐదు దశలుంటాయని ఎవరో చెప్పారని, నువ్వు ఇంకా కోపం దగ్గరే ఆగిపోయావని రాశావు. ఆ మాట పట్టించుకోకు. 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్ట్ ఆ ఐదూ చెప్పింది చావుకి దగ్గరగా ఉన్న రోగులతో మాట్లాడి, అవి అందరూ వరసగా ఎక్కాల్సిన మెట్లు కావు. నేను చూసినంతలో దుఃఖం ఊయల లాంటిది. ఒక పూట ఆయన చొక్కా పట్టుకుని ఏడుస్తాం, ఇంకో పూట బ్యాంకు పని మీద తిరుగుతూ ఆయన్నే మర్చిపోతాం, మర్చిపోయామని మళ్ళీ ఏడుస్తాం. రెండూ అవసరమే, అటూ ఇటూ ఊగుతూనే మనిషి కుదుటపడతాడు. నవ్వొస్తే నవ్వు, నాన్న ఏమీ అనుకోరు.

బాబుకి తాతయ్య నిద్రపోయాడని చెప్పొద్దు, రాత్రి పడుకోవడానికి భయపడతాడు. జబ్బు చేసింది, ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది, చనిపోయాడు, మళ్ళీ రాడు, ఇంత తేటగా చెప్పు. దగ్గు వచ్చిన ప్రతివాళ్ళూ చనిపోరని కూడా చెప్పు. అడిగిందే పదిసార్లు అడుగుతాడు, పదిసార్లూ అదే జవాబు చెప్పు.

ఇదంతా చేసినా కొన్ని కొలిక్కి రావు. ఏడాది దాటినా రోజూ అదే తీవ్రతతో బాధ ఉండి, పనులు చేసుకోలేక, మనుషుల్ని కలవలేకపోతే దాన్ని డాక్టర్లు దీర్ఘకాలిక దుఃఖ సమస్యగా గుర్తిస్తున్నారు, దానికి ప్రత్యేకంగా కౌన్సెలింగ్ ఉంది. నీ మెసేజ్ చదివితే నాకు ఆ అనుమానం వస్తోంది, అందుకే చెప్తున్నాను, ఈ వారంలో ఒక సైకియాట్రిస్ట్ దగ్గరో సైకాలజిస్ట్ దగ్గరో అపాయింట్‌మెంట్ తీసుకో. నేనూ వస్తాను. ఇంకో మాట సూటిగా అడుగుతున్నాను, బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా? వస్తే వారం ఆగొద్దు, ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్, నేను ఎత్తకపోతే మీ ఆయన్ని లేపు, ఎవరూ అందకపోతే హెల్ప్‌లైన్‌కి చెయ్. ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు, అలా పుట్టదు, అడగకపోతేనే ప్రమాదం.

ఆదివారం పొద్దున వస్తున్నాను. ఆ రోజు నీకు తెలిసినవి రాసిన కాగితం సిద్ధంగా పెట్టు, నాకు చదివి వినిపిద్దువు. నేను వచ్చేలోపు ఒక పని మాత్రం ఈ రాత్రే చెయ్. నాన్న వాయిస్ మెసేజ్‌లు ఇంకా ఆ పాత ఫోన్లోనే ఉన్నాయన్నావు, బ్యాటరీ ఉబ్బిందని కూడా అన్నావు. ఆ ఫోన్ ఛార్జింగ్‌కి మాత్రం పెట్టొద్దు, ఇంకా ఆన్‌లో ఉంటే వాటన్నిటినీ నీకు, తమ్ముడికి, నాకు పంపించు, ఆన్ అవ్వకపోతే అలాగే రిపేరు చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్దాం. వినాలని లేకపోతే వినకు, మూడు చోట్ల భద్రంగా ఉంటే చాలు.

పెద్దమ్మ