మాలిబు కెరటాల మీద మొదటి రోజు

ప్రశ్న: మాది కావలి దగ్గర తుమ్మలపెంట. చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళానికి రెండేళ్లుగా వెళ్లివస్తూ సర్ఫింగ్ నేర్చుకున్నాను. అల విరగకముందే అందుకొని, బోర్డు మీద నిలబడి పక్కకు సాగిపోవడం ఇప్పుడు వచ్చింది. జూలైలో కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో మా అన్నయ్య ఇంటికి వెళ్తున్నాను. మాలిబులో ఒక్కసారైనా సర్ఫింగ్ చేయాలని నా కోరిక. అయితే అక్కడ జనం కిక్కిరిసి ఉంటారనీ, కొత్తవాళ్లను కసురుకుంటారనీ విన్నాను. నాబోటివాడు వెళ్లవచ్చా? బోర్డు ఇక్కడి నుంచే తీసుకెళ్లాలా?

– ఒక పాఠకుడు, తుమ్మలపెంట

జవాబు: తప్పకుండా వెళ్లండి. అయితే మీకు వచ్చిన విద్య అల ఎక్కడం వరకే. అక్కడ కావలసింది అది ఎవరి అలో గుర్తుపట్టడం. ఈ రెండో విద్య మన తీరంలో ఎవరికీ పెద్దగా అవసరం పడదు కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను.

తుమ్మలపెంటలోనైనా, మైపాడులోనైనా అడుగున ఉన్నది ఇసుక. అల చాలా పొడవునా దాదాపు ఒకేసారి విరుగుతుంది కనుక, నలుగురు నాలుగు చోట్ల దాన్ని అందుకున్నా ఒకరికొకరు అడ్డం రారు. మాలిబులో అలా కాదు. అక్కడ సముద్రంలో కలిసే వాగు తరతరాలుగా తెచ్చి పరిచిన గుండ్రాళ్ల మీద, న్యూజిలాండ్ దిక్కున పుట్టిన తుపానులు పంపే కెరటాలు వారం పది రోజులు ప్రయాణించి వచ్చి, ఒక కొస నుంచి మరో కొసకు చాప చుట్టినట్టు వరసగా విరుగుతాయి. ఆ తీరు వల్లనే 2010లో ప్రపంచంలోని మొట్టమొదటి సర్ఫింగ్ రక్షిత తీరంగా దానికి గుర్తింపు వచ్చింది. జనం అంతగా ఎగబడడానికి కారణమూ అదే. అంత పొడవైన అల మీద కూడా దారి ఒక్కటే. ముందు ఒకరు సాగిపోతుండగా రెండోవారు దిగితే మొదటివారి దారి మూసుకుపోతుంది.

అందుకే నియమం ఇది: నురుగు పుట్టే కొసకు ఎవరు అందరికంటే దగ్గరగా ఉండి అలను అందుకున్నారో, ఆ అల వారిది. మాలిబు అల సర్ఫర్‌కు కుడివైపుగా, అంటే కొయ్య జెట్టీ వైపుగా సాగుతుంది. కాబట్టి మీరు లేవబోయే ముందు ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడాలి. అటు ఎవరైనా అప్పటికే లేచి వస్తుంటే, మీ చేతులు ఎంత బలంగా నీటిని తోస్తున్నా ఆగిపోవలసిందే. ఇద్దరు ముగ్గురు నవ్వుకుంటూ ఒకే అల మీద వెళ్లడం మీకు అక్కడ కనిపించవచ్చు. వారిలో వారికి పరిచయం ఉండి ఉంటుంది, దాన్ని మీకు దొరికిన అనుమతిగా భావించకండి.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది లోపలికి వెళ్లేటప్పుడు. బోర్డు మీద పడుకొని చేతులతో నీటిని తోసుకుంటూ వెళ్తుండగా ఎదురుగా ఎవరైనా అల మీద దూసుకొస్తే, నురుగు మీద పడుతుందనే భయంతో మనిషి సహజంగానే అల ఇంకా విరగని వైపు పరిగెడతాడు. వచ్చేవాడికి దారి కూడా అటే ఉంటుంది. మీరు అతని వెనక్కి, అంటే నురుగులోకే వెళ్లాలి. అల మిమ్మల్ని నాలుగు గజాలు వెనక్కి నెట్టినా సరే, అతని దారి మిగలాలి. వీలైనంత వరకు అలలు విరిగే చోటికి దూరంగా చుట్టు తిరిగి వెళ్లడమే మంచిది.

ఇంకొక మాట నా అనుభవం నుంచి చెబుతాను. కోవళంలో ఒక ఆదివారం ఉదయం, పెద్ద అల మీదికి వస్తుంటే నేను బోర్డును వదిలేసి నీళ్లలో మునిగాను. పైకి లేచేసరికి నా వెనక ఉన్న కుర్రవాడు భుజం పట్టుకొని కూర్చొని ఉన్నాడు. కాలికి కట్టుకునే తాడు సుమారుగా బోర్డు అంత పొడవు ఉంటుంది. తొమ్మిది అడుగుల బోర్డుకు తొమ్మిది అడుగుల తాడు కలిస్తే, మీ చుట్టూ పద్దెనిమిది అడుగుల మేర ఎవరికైనా దెబ్బ తగలవచ్చు. ఆ కుర్రవాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ రోజు నుంచి రెండు చేతులతో బోర్డును పట్టుకోకుండా నేను అల కిందికి వెళ్లలేదు.

మాలిబుకు మొదటి రోజున ఆదివారం కాకుండా మామూలు పనిదినం చూసుకొని తెల్లవారుజామునే వెళ్లండి. వెళ్లగానే నీళ్లలోకి దిగకుండా కనీసం అరగంట ఒడ్డున కూర్చోండి. మన పల్లెకారులు పడవను నీటి అంచున పట్టుకొని, పెద్ద కెరటాల వరస దాటిపోయేదాకా నిలబడి, ఆ తర్వాతే కదా లోపలికి తోస్తారు. అదే చూపుతో వరసకు ఎన్ని అలలు వస్తున్నాయో, మధ్య ఎంత విరామం ఉందో, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో గమనించండి. దిగాక నడిమధ్యకు పోకుండా అంచున కూర్చొని, ఇతరులు వదిలేసిన చిన్న అలలతో మొదలుపెట్టండి. అడుగున రాళ్లు ఉన్నాయి కనుక పడేటప్పుడు తల ముందుగా పడకూడదు, వెల్లకిలా చాపలా పడాలి.

కసురుకోవడం గురించి అడిగారు. పొరపాటున ఒకరి అలలోకి దిగితే వెంటనే వెనుదిరిగి, వారి దగ్గరకు వెళ్లి క్షమించమని అడిగి, తర్వాతి రెండు అలలు వదిలేయండి. చాలావరకు అక్కడితో సరిపోతుంది.

ఒక సలహా అడగకుండానే ఇస్తున్నాను. ఇర్వైన్ నుంచి మాలిబు కంటే శాన్ ఒనోఫ్రె దగ్గర. అక్కడి అలలు నెమ్మదైనవి, పొడవాటి బోర్డులకు పేరుపొందినవి. ముందు రెండు ఉదయాలు అక్కడ గడిపితే చలినీటికీ, గుండ్రాళ్లకూ, అల ఎవరిదో చూసుకునే పద్ధతికీ అలవాటు పడతారు. మన బంగాళాఖాతంలా అక్కడి నీరు వెచ్చగా ఉండదు, జూలైలో కూడా రబ్బరు వెట్‌సూట్ వేసుకోవడం మంచిది.

బోర్డు ఇక్కడి నుంచి మోసుకెళ్లనవసరం లేదు. అక్కడ బోర్డూ వెట్‌సూటూ అద్దెకు దొరుకుతాయి. మొదటి రోజుకు పైన మెత్తటి ఫోమ్ ఉన్న తొమ్మిది అడుగుల బోర్డు అడగండి. తాడు కొత్తదేనా, కాలిపట్టీ గట్టిగా అతుక్కుంటోందా అన్నది దుకాణంలోనే కట్టుకొని, లాగి చూసుకోండి.