షికాగో డిజిటల్ లైబ్రరీని వాడేముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

షికాగో విశ్వవిద్యాలయం నడిపే డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో డెల్టా పట్టణాల గురించి చాలా దొరికిందని, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చని అడిగావు. మంచి చోటికే వెళ్లావు. కాని అక్కడ గెజిటీరు (దొరల కాలంలో ఊళ్ల, జిల్లాల వివరాలు కూర్చిన పుస్తకం), నిఘంటువులు, పటాలు, పాత గ్రామఫోను రికార్డులు అన్నీ ఒకే గడప లోపల ఉన్నాయి. దేని సంగతి దానిదే. పైన పెద్ద విశ్వవిద్యాలయం పేరు కనబడగానే లోపలి సరుకంతా ఒకే తూకమనుకునే పరిశోధకులను గ్రంథాలయ ఉద్యోగంలో చాలామందిని చూశాను.

నీకు ఎక్కువ పనికొచ్చేది గెజిటీరు, ఎక్కువ చిక్కు తెచ్చేదీ అదే. ఇంపీరియల్ గెజిటీరు కొత్త కూర్పు 1908 నుంచి వెలువడింది. అందులోని జనాభా అంకెలు 1901 జనగణనవి. గుంటూరు జిల్లా ఏర్పడింది మాత్రం 1904లో! అంటే ఆ జిల్లా పేరిట ఉన్న 1901 జనాభా, లెక్క తీసిననాటికి లేని జిల్లాకు తరువాత కూర్చి ఇచ్చినది. కృష్ణా, గోదావరి జిల్లాల హద్దులు కూడా అప్పుడే మారాయి. పాత జనగణనల అంకెలతో పోల్చేముందు హద్దులు సరిచూసుకో. లేకపోతే ఎన్నడూ జరగని వలసలను, ఎన్నడూ రాని కరువులను నువ్వే కనిపెడతావు.

వెతకడంలోనూ ఒక కిటుకు ఉంది. విజయవాడ అని కొడితే ఏమీ రాదు, బెజవాడ అనాలి. కాకినాడ, ఏలూరు, మచిలీపట్నం పేర్లను కూడా అప్పటి దొరలు రాసుకున్న ఇంగ్లిషు వర్ణక్రమంలోనే వెతకాలి. దొరకలేదంటే లేదని కాదు.

ముందుగా మన ఊరి పేజీ చదువు. నీకు బాగా తెలిసిన చోటు గురించి వాళ్లు ఏం రాశారో, ఏం వదిలేశారో చూస్తే తెలియని ఊళ్ల పేజీలు ఎలా చదవాలో తెలుస్తుంది. కాలువలు, కచేరీలు, శిస్తు కనబడతాయి. కౌలురైతు ఏమనుకున్నాడో అక్కడ వెతకకు. పైగా ఇంపీరియల్ గెజిటీరు చాలావరకు కుదించి రాసిన పుస్తకం. గార్డన్ మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువల్ 1883లోను, హెమింగ్‌వే గోదావరి జిల్లా గెజిటీరు 1907లోను వచ్చాయి. వాటి పక్కన పెట్టి చదివితే ఏది తగ్గిందో తెలుస్తుంది.

నిఘంటువుల విషయంలో కూర్పు ఏదో చూడు. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు మొదట 1852లో వచ్చింది. అక్కడ ఉన్నది 1903 నాటి సవరించిన కూర్పు, కందుకూరి వీరేశలింగం చేయి కూడా పడినది. కాబట్టి అందులో ఒక మాట కనబడగానే బ్రౌన్ కాలంలో ఉండేదని రాసేయకు, పాత ముద్రణ చూశాకే రాయి. ఈ కాలపు వాడుక కావాలంటే గ్విన్ నిఘంటువు (1991) అక్కడే ఉంది.

గ్రియర్‌సన్ దొర భారతదేశపు భాషల మీద నడిపిన సర్వేకు అనుబంధంగా తీసిన గ్రామఫోను రికార్డులు వినడం ఒక ముచ్చట. నూరేళ్ల కిందటి గొంతులు! అయితే చాలావాటిలో వినబడేది బైబిలులోని తప్పిపోయిన కుమారుడి కథకు అనువాదం. ఉచ్చారణకు సాక్ష్యంగా తీసుకో, సహజమైన సంభాషణగా మాత్రం తీసుకోకు. ష్వార్ట్స్‌బర్గ్ చారిత్రక పటాలు నిజంగా గొప్పవి. వాటి సంగతి ఇంకోసారి.

ఆధారం రాసేటప్పుడు సైటు చిరునామాతో సరిపెట్టకుండా అసలు సంపుటం, పుట, ముద్రణ సంవత్సరం రాయి. టైపు చేసిన పాఠంలో అంకె అనుమానంగా ఉంటే పుట బొమ్మ తెరిచి చూడు.

పట్టికలు పంపేటప్పుడు ప్రతి జిల్లా పేరు పక్కన ఏ సంవత్సరపు హద్దులో ఒక గడి చేర్చు. అది లేని పట్టిక నేను చదవను.

మీ పెదనాన్న