“అన్నీ నేనే చూసుకుంటాను” అంటే సరిపోదు తమ్ముడూ

ప్రశ్న: అక్కా, నాకు 37 ఏళ్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక సేఠ్ దగ్గర 13 ఏళ్లుగా గుమాస్తాగా చేస్తున్నాను. మిర్చికి అడ్తి (కమీషన్ మీద అమ్మిపెట్టడం), పత్తికి ఖరీదు (సొంతంగా కొనడం). తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు), ట్యాలీ, జీఎస్టీ, బ్యాంకు పని అన్నీ నేనే చూసుకుంటాను. కాకతీయ యూనివర్సిటీ దూరవిద్యలో బీకాం చేశాను. చేరిన రోజు ఏ బల్ల దగ్గర కూర్చున్నానో ఇప్పటికీ అక్కడే ఉన్నాను. సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) చదువుదామంటే వయసు దాటిందేమోనని భయం. హైదరాబాద్ పొమ్మని దోస్తులంటారు, పిల్లల చదువేమో ఇక్కడ. ఏం లక్ష్యం పెట్టుకోవాలో తెలియక ఒకటే టెన్షన్.
– ఒక పాఠకుడు, వర్ధన్నపేట

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో ‘అన్నీ నేనే చూసుకుంటాను’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. 1999లో ఇదే మాట అని నేనొక ఉద్యోగం పోగొట్టుకున్నాను.

అప్పటికి తొమ్మిదేళ్లుగా ఒక జిన్నింగ్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తున్నాను. హన్మకొండలో ఇంటర్వ్యూకి పిలిచారు. “అక్కడ మీరేం పని చేస్తారమ్మా?” అని అడిగారు. “అన్నీ చూసుకుంటానండీ” అన్నాను. ఆయన తలూపి, ఇంకో ప్రశ్న అడక్కుండానే పంపించేశారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని, ఆ పిలుపు కాగితం వెనక, ఆ వారంలో నేను చేసిన పనులు రాయడం మొదలుపెట్టాను. లారీ కాంటా తూకాన్ని మిల్లు తూకంతో సరిచూడటం. తేమ తరుగు లెక్క కట్టడం. రైతు పట్టీలో తేడా వస్తే మూలం వెతికి పట్టుకోవడం. ఇది రాస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత పని చేస్తూ, అడిగినప్పుడు ఒక్క ముక్క చెప్పలేకపోయానే అని. దిగేసరికి 17 పనులు తేలాయి. అవన్నీ చూసుకుంటే నాకు రానిది ఒకటే కనిపించింది, కంప్యూటర్. ఆ ఏడాది నా లక్ష్యం అదే అయింది. పగలు చేత్తో రాసిన వోచర్లనే సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌లో మళ్లీ ఎంట్రీ చేసేదాన్ని. మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్ కంప్యూటర్‌లో నా అంతట నేను తీయాలి, అంతే. తీశాను.

అందుకే నువ్వు కూడా ముందు ఒక కాగితం తీసుకో. ఒక వారం పాటు చేసిన ప్రతి పనీ రాయి. నాకు తెలిసినంతలో కొన్ని నేనే చెప్తాను. జెండా పాట (ఆ రోజు ధర తేల్చే మొదటి వేలం) అయ్యాక లాట్ల వారీగా ధరలు ఎక్కిస్తావు. హమాలీ, దడ్వాయి (తూకం కూలి), కమీషన్ లెక్క కట్టి తక్‌పట్టీ రాస్తావు. రైతు దగ్గర పత్తి కొన్నప్పుడు జీఎస్టీ కొన్నవాడే కట్టాలన్న పద్ధతి 2017 నవంబరు 15 నుంచి ఉంది కదా, ఆ లెక్క పెట్టేది నువ్వే. నెలనెలా 11వ తేదీకి ఒక జీఎస్టీ రిటర్న్, 20వ తేదీకి ఇంకొకటి, మధ్యలో 2బీతో (అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా) మన బిల్లులు కలిపి చూసుకోవడం. ఇవన్నీ బయట డబ్బులిచ్చి చేయించుకునే పనులు. నువ్వు వాటిని ‘అన్నీ’ అనే ఒక్క మూటలో కట్టేశావు.

ఇక లక్ష్యం సంగతి. నా మాట వింటే సీఎంఏ కంటే ముందు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు చేసుకో. నీ బీకాం దానికి చాలు. పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, తర్వాత పరీక్ష రాసి పాసవ్వాలి. అందులో అడిగేది రోజూ నీ చేతి మీదుగా నడిచే పనే. పాసైతే సేఠ్ పనితో పాటు చిన్న దుకాణాల తరఫున రిటర్న్‌లు నువ్వే వేయొచ్చు. సేఠ్‌కు మాత్రం ముందే చెప్పు. చాటుగా మొదలుపెట్టకు, మార్కెట్‌లో నమ్మకమే నీ పెట్టుబడి.

సీఎంఏ వద్దనడం లేదు. డిగ్రీ ఉంది కాబట్టి నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. 37 ఏళ్లు అడ్డం కాదు, నీకు అడ్డం సీజన్. పరీక్షలు జూన్, డిసెంబరుల్లో ఉంటాయి. డిసెంబరంటే పత్తి బస్తాల మధ్య ఊపిరాడదు. ఫిబ్రవరి నుంచి మిర్చి, అది కాస్త తగ్గేసరికి జూన్ వచ్చేస్తుంది. నీకు దొరికేది వానాకాలం, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఆ నాలుగు నెలల్లో మొదటి గ్రూపు ఒక్కటే పట్టు. అందులో నాలుగు పేపర్లు. ఫైనాన్షియల్ అకౌంటింగ్, పన్నులు నీకు కొత్త కాదు, కాస్ట్ అకౌంటింగ్, చట్టాలు మాత్రం కూర్చుని చదవాలి. ఒక్కో పేపర్‌లో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. డిసెంబరులో పరీక్షకు సెలవులు కావాలని సేఠ్‌ను జూన్‌లోనే అడిగి పెట్టుకో. రెండు గ్రూపులూ ఒకేసారి కడతానని మాత్రం ఫీజు కట్టేయకు. అలా కట్టి, పుస్తకాలు అటక మీద పెట్టినవాళ్లను చాలామందిని చూశాను.

హైదరాబాద్ ఇప్పుడు వద్దు. అక్కడ అద్దె, పిల్లల ఫీజులు పోగా మిగిలేదెంతో ముందు కూడి చూడు.

జీతం పెంచమని అడగాలని ఉన్నా నువ్వు రాయలేదు, నాకు అర్థమైంది. మార్చిలో అడగకు, ఖాతాల మూసివేతలో ఎవరికీ తీరిక ఉండదు. మిర్చి సీజన్ తగ్గాక, పగటి పూట దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు ఆ కాగితం చేతిలో పట్టుకుని కూర్చో. “13 ఏళ్లయింది” అని మొదలుపెట్టకు. “ఈ పనులు నేను చేస్తున్నాను సేఠ్, వచ్చే ఏడాది ఇవి కూడా చేస్తాను” అని చెప్పు.

వారం అయ్యాక ఆ కాగితం నకలు నాకు పంపు. చదివి, ఇంకా ఏమైనా వదిలేశావేమో చూసి చెప్తాను.