చీలిన బంపరు: అతుకా, మార్పా?

ప్రశ్న: కాలవ గట్టు రోడ్డులో సిమెంటు దిమ్మ తగిలి మా స్పోర్ట్స్ కారు ముందు బంపరు జానెడు చీలింది. ఖర్చు ఎలా లెక్కేసుకోవాలి? (అమలాపురం పాఠకుడు)

జవాబు: బంపరు ఊడదీయకుండా చెప్పిన అంచనా నమ్మకండి. ఈ కార్లు నేలకు దగ్గరగా ఉంటాయి; వెనకున్న ఫోము, బారు, రేడియేటరు, ఏసీ కండెన్సరు కూడా చూడాలి. అసలు ఖర్చు తరచూ అక్కడే దాక్కుంటుంది.

లోపలివైపు ‘పీపీ’ (పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్) అని అచ్చుంటే అదే రకం రాడ్డుతో ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించవచ్చు. వేరే రాడ్డు అతకదు. క్లిప్పుల చెవులు విరిగితే మాత్రం మార్చడమే మేలు. అతికించిన చెవి అదురుకు ఊడి, ఫెండరు దగ్గర సందు పడుతుంది. పెయింటుకు ముందు అడ్హీషన్ ప్రమోటరు (ప్లాస్టిక్‌కు రంగు అంటుకునేలా చేసే పూత) కొట్టకపోతే రంగు పొరలుగా లేస్తుంది. కొటేషన్‌లో ఆ మాట రాయించుకోండి.

బీమాలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు. జీరో డిప్రిసియేషన్ (తరుగు కోయని అదనపు కవరు) లేకుంటే ఆ సగం మీదే. ఇంజను 1500 సీసీ దాటితే, మీరు భరించాల్సిన తప్పనిసరి కోత మరో 2000 రూపాయలు. పోయే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా కలిపి చూశాకే క్లెయిముకు వెళ్లండి. క్లెయిము చేసే ఆలోచన ఉంటే, బీమా కంపెనీ పంపే సర్వేయరు చూశాకే బంపరు ఊడదీయించండి.